చవక టేబుల్ సా కొనేముందు దాని ఫెన్స్‌ని బొటనవేలితో నొక్కి చూడండి

అమలాపురం తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. చేతిలో ముప్పై ఐదు వేలు, ఇంటి వెనకాల రేకుల షెడ్డు. తాతగారి పెరట్లో గాలివానకి పడిపోయిన పనస మొద్దు ఒకటి, పాత మండువా ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు దూలాలు రెండు ఉన్నాయి. ఉయ్యాల బల్ల, స్టూళ్ళు, ప్లైవుడ్‌తో పుస్తకాల అరలు, ఇవన్నీ ఆదివారాలు సొంతంగా చేసుకోవాలని సరదా. ఆన్‌లైన్‌లో కనిపించే పేరులేని పది అంగుళాల బ్లేడు టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి తేలి తిరిగే మెషీన్, కొనాలా, వెల్డింగ్ షాపులో రెండు హెచ్‌పీ మోటార్ పెట్టించి చేయించుకోవాలా, చేత్తో పట్టుకునే సర్క్యులర్ సాని బల్ల కింద తిరగేసి బిగించాలా, లేకపోతే ఇంకాస్త కూడబెట్టి బ్రాండ్ ఉన్నది కొనాలా అని.

నాది పాలకొల్లు. వడ్రంగం నాకు బతుకుతెరువు కాదు, ఉద్యోగం చేసుకుంటూ పద్దెనిమిదేళ్ళుగా సరదాకి చేస్తున్నాను. ఈ పద్దెనిమిదేళ్ళలో మూడు టేబుల్ సాలు కొన్నాను. మొదటిది పాత ఇనుము కొట్టుకి కిలోల లెక్కన వెళ్ళిపోయింది, రెండోది సగం ధరకి అమ్మేశాను, మూడోది ఇప్పుడు వాడుతున్నాను. మొదటి రెండిటి మీద పోగొట్టుకున్న డబ్బులు కలిపి ఉంటే మూడోది మొదట్లోనే వచ్చేసేది. కాబట్టి కింద రాసిందంతా డబ్బులు పోసి నేర్చుకున్నదే అనుకోండి.

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. డబ్బా మీద 2000 వాట్లు అని రాసి ఉంటే అది మెషీన్ లోపలికి తీసుకునే కరెంటు లెక్క, బ్లేడుకి చేరే బలం లెక్క కాదు. అదే ఇండక్షన్ మోటార్ పలక మీద రెండు హెచ్‌పీ అని ఉంటే అది బయటికిచ్చే బలం, ఒక హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున. అందుకే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఇది ఎక్కువా అది ఎక్కువా అని పోల్చడంలో అర్థం లేదు. తేలికగా మోసుకెళ్ళే మెషీన్లలో ఉండేది మన మిక్సీలో ఉండే జాతి మోటార్. కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, చిన్న ఒంట్లోనే బోలెడు బలం ఉంటుంది. వెల్డింగ్ షాపువాళ్ళు పెట్టే ఇండక్షన్ మోటార్ మన నీళ్ళ మోటార్ జాతి. బరువు, నెమ్మది, ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. మీరు చేసే పనికి, అంటే అంగుళం, అంగుళంన్నర మందం టేకూ పనసా కోయడానికి, రెండిట్లో ఏదైనా సరిపోతుంది, బ్లేడు పదునుగా ఉంటే. మొద్దుబారిన బ్లేడు పెట్టి మోటార్ చాలడం లేదని గొణిగే వాళ్ళని నేను చాలామందిని చూశాను, అందులో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

చవక మెషీన్‌లో డబ్బు మిగిల్చుకునేది మోటార్ దగ్గర కాదండి, ఫెన్స్ దగ్గర. చెక్కని ఆనించి తోసే ఆ అడ్డు బద్ద బ్లేడుకి సమాంతరంగా నిలబడితేనే అది టేబుల్ సా, లేకపోతే తిరిగే రంపం చుట్టూ ఒక రేకు బల్ల, అంతే. షాపుకి వెళ్ళగానే స్విచ్ వేసి చూపించమని అడగక్కర్లేదు, అది తర్వాత. ఫెన్స్‌ని బ్లేడుకి ఓ జానెడు దూరంలో పెట్టి లీవర్ నొక్కి లాక్ చెయ్యండి. ఇప్పుడు అవతలి చివర, అంటే మీకు దూరంగా ఉండే కొస దగ్గర, బొటనవేలితో పక్కకి గట్టిగా నొక్కండి. కదిలిందా? రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగిందా? ఇక ఆ మెషీన్ గురించి రెండో మాట వద్దు. నా మొదటి దానికి ఆ జబ్బే. ప్రతి కోతకీ ముందు ఒకసారి, వెనక ఒకసారి టేపు పెట్టి కొలుచుకుని, సుత్తితో టకటకా తట్టి సరిచేసుకుని, తీరా చెక్క తోసేసరికి మళ్ళీ పక్కకి జరిగేది. నాలుగు స్టూలు కాళ్ళు కోస్తే నాలుగూ నాలుగు కొలతలు. రెండోసారి లాక్ తీసి మళ్ళీ వేసి చూడండి, అదే చోటికి వచ్చి కూర్చుంటుందో లేదో. డీవాల్ట్ జాబ్‌సైట్ సాల (పని జరిగే చోటికి మోసుకెళ్ళే టేబుల్ సాలు) మీద పళ్ళ చక్రంతో రెండు వైపులా ఒకేసారి జరిగే ఫెన్స్ ఉంటుంది, ఒక చేత్తో తిప్పితే చాలు సమాంతరంగానే పోతుంది. ఆ ఏర్పాటు కోసమే నేను మూడోసారి డబ్బు పెట్టాను.

ఫెన్స్ తర్వాత బల్ల మీద ఉండే గాడి చూడండి, అదే మైటర్ గేజ్ (చెక్కని అడ్డంగా కోసేటప్పుడు ఆనించి తోసే కోణం బద్ద) జారే గాడి. అది ముప్పావు అంగుళం వెడల్పు, అంటే 19 మిల్లీమీటర్లు ఉంటే మీరు రేపు అడ్డకోతకి స్లెడ్, అంటే చెక్కని పెట్టి తోసే జారుడు పలక, చేసుకోవచ్చు, బయట దొరికే జిగ్‌లు (చెక్కని పట్టి ఉంచే అమరికలు) కూడా సరిపోతాయి. పేరులేని మెషీన్లలో ఈ గాడి వాళ్ళిష్టమొచ్చిన కొలతలో, వంచిన రేకుతో ఉంటుంది. మెషీన్‌తో ఇచ్చే ప్లాస్టిక్ మైటర్ గేజ్ అందులో గిలకలా ఊగుతుంటుంది. అడ్డకోత మూలమట్టానికి రాకపోతే స్టూలు కుంటుతుంది, ఉయ్యాల బల్ల వంకరగా వేలాడుతుంది, అంతా మీ చేతి తప్పే అనుకుని మీరు బాధపడతారు.

ఇప్పుడు అసలు విషయం, దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి.

2015 వేసవిలో మా పెరట్లో మామిడి పలక కోస్తున్నాను. మూడడుగుల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు, కోత మిల్లు నుంచి తెచ్చి నెల కూడా కాలేదు, లోపల ఇంకా పచ్చిగానే ఉంది. అప్పటి నా మెషీన్‌కి రైవింగ్ నైఫ్ లేదు. అంటే బ్లేడు వెనకాల, బ్లేడుతో పాటే పైకీ కిందకీ కదులుతూ, కోసిన గాడిలో నిలబడే సన్నటి ఇనప రేకు. సగం కోసేసరికి మోటార్ గొంతు మారింది, కాలిన వాసన వచ్చింది. అక్కడ ఆపేయాలి. నేను మొండిగా ఇంకాస్త తోశాను. తర్వాత ఏం జరిగిందో కంటికి కనపడలేదు. చప్పుడు మాత్రం వినపడింది, వెనక్కి తిరిగితే గోడ దగ్గర నీలం రంగు నీళ్ళ డ్రమ్ముకి నడుము ఎత్తులో చిల్లు పడి నీళ్ళు ధారగా కారుతున్నాయి, పలక దాని పక్కన పడి ఉంది. టీ గ్లాసు ఎడమవైపు కిటికీలో పెట్టుకున్నాను కాబట్టి నేనూ కాస్త ఎడమకి జరిగి నిలబడ్డాను, అంతకుమించి నా తెలివేమీ లేదు. ఆ డ్రమ్ముని మా ఆవిడ ఇప్పటికీ పారేయనివ్వలేదు, అడుగున ఇంకో చిల్లు కొట్టించి కరివేపాకు మొక్క పెట్టింది. నాకు రోజూ కనపడాలని.

ఎందుకలా జరుగుతుందంటే, బ్లేడు ముందు పళ్ళు చెక్కని బల్ల మీదకి అదిమి కోస్తాయి, వెనక పళ్ళు కింద నుంచి పైకి లేస్తూ వస్తాయి. పచ్చి చెక్కలోనూ, నార మెలి తిరిగిన చెక్కలోనూ బిగువు దాగి ఉంటుంది, కోత పడగానే రెండు ముక్కలూ దగ్గరికి ముడుచుకుని బ్లేడుని వెనక నుంచి పట్టేస్తాయి. లేదా ఫెన్స్ వంకరగా ఉండి చెక్కని వెనక పళ్ళ మీదకి నెడుతుంది. రెండిట్లో ఏది జరిగినా వెనక పళ్ళు చెక్కని ఎత్తి మీ మీదకి విసురుతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4800 చుట్లు తిరిగితే అంచు దగ్గర వేగం గంటకి దాదాపు 230 కిలోమీటర్లు. మీ చెయ్యి దాన్ని పట్టుకుని ఆపలేదు. పైగా చెక్క వెనక్కి పోతూ దాన్ని తోస్తున్న చేతిని బ్లేడు మీదకి లాక్కుపోతుంది, వేళ్ళు పోయేది చాలాసార్లు అలాగే. రైవింగ్ నైఫ్ ఆ గాడి ముడుచుకోకుండా అడ్డం నిలబడుతుంది, చెక్క వెనక పళ్ళకి తగలకుండా చూస్తుంది. అది లేని మెషీన్ ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

వేలు తగిలితే బ్లేడు తనంతట తానే ఆగిపోయే మెషీన్లున్నాయి కదా అని కూడా మీరు రాశారు. సాస్టాప్ అనే అమెరికా కంపెనీది, చర్మం తగలగానే సెకనులో రెండొందలో వంతు కంటే తక్కువ టైములో ఆపేస్తుంది, నిజమే. ఆపిన ప్రతిసారీ బ్రేకు కార్ట్రిడ్జ్, బ్లేడు రెండూ మార్చుకోవాలి. బాగా పచ్చిగా ఉన్న చెక్క తగిలినా వేలనుకుని ఆగిపోవచ్చు, మన వానాకాలం పనస దానికి పరీక్షే. ముప్పై ఐదు వేల బడ్జెట్‌లో దాని గురించి ఆలోచించడం దండగ.

ఇక మీ నాలుగు దారులు.

బల్ల కింద తిరగేసిన సర్క్యులర్ సా. వద్దు. వీడియోలో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చేత్తో నొక్కిపెట్టాల్సిన స్విచ్‌ని ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టేసి, బ్లేడు మీద కప్పే గార్డు విప్పేసి, వెనక నైఫ్ లేకుండా నడుపుతారు. మన ఊళ్ళల్లో కరెంటు పోతుంది, వస్తుంది. పోయినప్పుడు మీరు బ్లేడు దగ్గర ఇరుక్కున్న ముక్క తీస్తుంటే అప్పుడే కరెంటు వస్తే? అసలు టేబుల్ సా కొనేటప్పుడు కూడా ఇదొకటి పరీక్ష చెయ్యండి. మెషీన్ నడుస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపండి, బ్లేడు పూర్తిగా ఆగాక మళ్ళీ వెయ్యండి. మెషీన్ కదలకూడదు, పచ్చ బటన్ మళ్ళీ నొక్కితేనే మొదలవ్వాలి. తనంతట తానే తిరగడం మొదలుపెడితే ఆ స్విచ్ మన కరెంటుకి పనికిరాదు. దీనికన్నా ఘోరమైనది ఇంకోటుంది, నాలుగు అంగుళాల గ్రైండర్‌కి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించడం. ఆ గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది, చేతిలోంచి ఎగిరితే మొహం మీదకే. ఎవరైనా మేస్త్రి అలా వాడుతుంటే చూసి నేర్చుకోకండి.

ఆన్‌లైన్ పేరులేని పది అంగుళాలది. ఫొటోలో రైవింగ్ నైఫ్ కనపడుతుంది, అది మంచిదే. కానీ ఫెన్స్‌ని బొటనవేలితో నొక్కి చూసే వీలు ఆన్‌లైన్‌లో ఉండదు. బల్ల వంచిన రేకైతే మధ్యలో పల్లం ఉంటుంది, దాన్ని సరిచేసే మార్గం లేదు. మోటార్ లోపల తిరిగే ఆర్మేచర్ కాలితే అదే కొలత ఆర్మేచర్ మళ్ళీ ఎక్కడా దొరకదు. ఒక సంవత్సరం పనికే అనుకుంటే సరే. మీరలా అనుకోవట్లేదుగా.

వెల్డింగ్ షాపులో చేయించుకోవడం. దీని మీద నాకు కాస్త మమకారం ఉంది, దాచను. యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనప బద్ద) ఫ్రేము, బరువైన ప్లేటు, బేరింగుల మీద షాఫ్టు, వి-బెల్టు. మన భీమవరం, పాలకొల్లు వైపు చేపల చెరువుల్లో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు చుట్టే షాపులు ఉన్నాయి, ఇండక్షన్ మోటార్ కాలితే చుట్టించుకోవడం సులువు. కానీ చేసేవాడు పెద్ద వడ్రంగి షెడ్లలో చూసిన మోడలే చేస్తాడు, ఫెన్స్ అంటే ఒక యాంగ్లర్ ముక్కకి రెండు సీ-క్లాంపులు, నైఫ్ లేదు, గార్డు లేదు. మీరు చేయించాలనే అనుకుంటే రెండు లెక్కలు రాసుకుని వెళ్ళండి. ఒకటి, పుల్లీల లెక్క. మామూలు నాలుగు పోళ్ళ మోటార్ నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది, మోటార్ వైపు ఆరు అంగుళాల పుల్లీ, బ్లేడు వైపు రెండు అంగుళాలది పెడితే బ్లేడుకి 4300 వస్తుంది. పది అంగుళాల బ్లేడుకి అది బాగుంటుంది, అయినా బ్లేడు మీద అచ్చేసిన గరిష్ఠ వేగం ఒకసారి చూసుకోండి. రెండోది, బ్లేడు వెనక నిలబెట్టే రేకు. మామూలు బ్లేడు పళ్ళ వెడల్పు 3.2, మధ్య రేకు మందం 2.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. రెండిటికీ మధ్యలో, 2.5 మిల్లీమీటర్ల ప్లేటు ముక్కని బ్లేడుకి సరిగ్గా వరసలో వెనక బిగించమనండి. పళ్ళ వెడల్పు కంటే మందమైతే చెక్క అక్కడే ఆగిపోతుంది, బ్లేడు రేకు కంటే పల్చనైతే పెట్టినా పెట్టనట్టే. ఇదంతా దగ్గరుండి చేయించే ఓపిక, అర్థం చేసుకునే వెల్డరు ఉంటే మంచి మెషీనే వస్తుంది. లేకపోతే నా మొదటి దానికి తమ్ముడు పుడతాడు.

నాలుగోది బ్రాండ్ ఉన్న జాబ్‌సైట్ సా. బాష్ జీటీఎస్ 10 జె, మకీటా ఎంఎల్‌టీ 100, డీవాల్ట్ వాళ్ళవి, ఈ తరహా. కొత్తవి మీ బడ్జెట్ దాటుతాయి. నా సలహా సెకండ్ హ్యాండ్‌ది వెతకమని. ఇంటీరియర్ పనులు చేసేవాళ్ళు పెద్ద షీట్లు కోసే ప్యానెల్ సాకి మారినప్పుడు ఇవి అమ్మేస్తుంటారు. రాజమండ్రి, కాకినాడ, విజయవాడ వైపు ఓ రెండు నెలలు కన్నేసి ఉంచండి. వెళ్ళినప్పుడు కరెంటు ప్లగ్ తీసేసి బ్లేడు బిగించే షాఫ్టుని చేత్తో పైకీ కిందకీ ఊపండి, లొడలొడ ఉంటే బేరింగ్ పోయిందని. మోటార్ కార్బన్ బ్రష్‌ల మూతలు విప్పి అవి ఎంత అరిగాయో చూడండి. బ్లేడుని పైకెత్తే హ్యాండిల్, 45 డిగ్రీలకి వంచే చక్రం పట్టేయకుండా తిరగాలి, లోపల రంపపు పొట్టు గట్టిపడి ఉంటే బ్రష్షుతో దులిపితే పోతుంది, దానికి ధర తగ్గించమని అడగొచ్చు. రైవింగ్ నైఫ్, గార్డు ఉన్నాయా అని అడగండి. సగం మంది మొదటిరోజే విప్పి ఎక్కడో పారేసి ఉంటారు, అప్పుడు ఆ పార్టు సర్వీస్ సెంటర్లో దొరుకుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బులివ్వండి.

పది అంగుళాలే ఉండాలని పట్టు పట్టకండి. ఎనిమిదింపావు అంగుళాల, అంటే 210 మిల్లీమీటర్ల బ్లేడు మెషీన్ నిలువుగా 65 మిల్లీమీటర్ల మందం దాకా కోస్తుంది. ఉయ్యాల బల్ల పలక ఎంత మందం పెట్టినా రెండు అంగుళాలు దాటదు. ఫెన్స్ ఎంత దూరం జరుగుతుందన్నది మాత్రం చూడండి. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు వెడల్పు 1220, దాన్ని రెండుగా చీల్చాలంటే ఫెన్స్ 610 మిల్లీమీటర్లు దాటాలి. నిజం చెప్పాలంటే అంత షీటుని చిన్న మెషీన్ మీద ఒక్కరే ఎత్తి తోయడం తలకు మించిన పని. షీటుని నేల మీద థర్మాకోల్ పరిచి, సర్క్యులర్ సాతో నిటారు బద్దకి ఆనించి పెద్ద ముక్కలు చేసుకోండి, చిన్నవి టేబుల్ సా మీద సరిచేసుకోండి. మీ పుస్తకాల అరలకి టేబుల్ సా కంటే ఆ సర్క్యులర్ సాయే ముందు కావాలి, అది కొనండి.

కరెంటు. 2000 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి ఏసీకి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్, ఎర్త్ సరిగ్గా ఉన్నది, షెడ్డు దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఎక్స్‌టెన్షన్ బాక్సు చుట్ట చుట్టే ఉంచి నడిపితే వైరు కరిగిపోతుంది, పూర్తిగా విప్పి పరవాలి. ఇంట్లో ఇన్వర్టర్ మీద నడిపే ఆలోచన వద్దు. సాయంత్రాలు ఊళ్ళో వోల్టేజీ దిగిపోతే ఇండక్షన్ మోటార్ మరీ ఇబ్బంది పడుతుంది. దాని తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతుంది, 180 వోల్టులకి దిగితే బలం అరవై శాతమే మిగులుతుంది, మోటార్ మూలుగుతూ నిలబడి కాలిపోతుంది. ఉదయం పూట పని చేసుకోండి, చుట్టుపక్కల వాళ్ళు కూడా తిట్టుకోరు. అన్నట్టు, ఆ అరుపుకి చెవులకి మఫ్ పెట్టుకోవడం తప్పనిసరి.

మన చెక్కల గురించి. పనస కోస్తే పసుపు పచ్చటి చేవ వస్తుంది, చూస్తే కళ్ళు తిప్పుకోలేం, బొబ్బిలి వీణకి వాడేది ఆ చెక్కే. కానీ పచ్చిగా ఉన్నప్పుడు దాని జిగురు బ్లేడుకి పట్టి పళ్ళ మధ్య నల్లగా గట్టిపడుతుంది, బ్లేడు మొద్దుబారిందని మీరనుకుంటారు. విప్పి ఓ పళ్ళెంలో కిరసనాయిలు పోసి అరగంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పోతుంది, ఆరాక పొడిగుడ్డతో తుడిచి బిగించండి. టేకు దూలాల్లో అసలు ప్రమాదం మేకులు. మండువా ఇళ్ళ దూలాల్లో తలకాయ తెగిపోయి లోపలే ఉండిపోయిన మేకులు, దీపాలు వేలాడదీసిన కొక్కేల మొదళ్ళు ఉంటాయి. వైరు బ్రష్‌తో మట్టి, పాత రంగు గీకి, స్పీకర్లోంచి తీసిన పెద్ద అయస్కాంతాన్ని నాలుగు వైపులా మెల్లగా పాకించండి. లోతుగా ఉన్నవి అయస్కాంతానికి కూడా దొరకవు, చెక్క మీద నల్లటి మరక కనిపిస్తే అక్కడ మేకు ఉన్నట్టే. బ్లేడు అంచున అతికించే కార్బైడ్ పళ్ళు గట్టివే గానీ పెళుసు, మేకు తగిలితే తునిగి ఎగురుతాయి. దూలాన్ని సరాసరి టేబుల్ సా మీదకి ఎత్తకండి, మిల్లులో పలకలు కోయించుకుని తెచ్చుకోండి. కొబ్బరి మీద మనసు పడితే ఇంకో మాట. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి, అప్పుడు మా మేనమామ వాళ్ళింటి మొద్దులతో పశువుల పాకకి వాసాలు కోశారు. కొబ్బరి మొద్దు బయట రాయిలా ఉంటుంది, లోపల మెత్తగా పీచులా ఉంటుంది, అందులో ఇసక లాంటి పదార్థం ఉంటుంది కాబట్టి మామూలు ఉక్కు బ్లేడు చూస్తుండగానే అరిగిపోతుంది. కార్బైడ్ బ్లేడు కూడా తొందరగానే పదును పోగొట్టుకుంటుంది. దానికోసం పాత బ్లేడు ఒకటి విడిగా ఉంచుకోండి.

బ్లేడు కోసం ముందే డబ్బు తీసి పక్కన పెట్టండి, మీ ముప్పై ఐదులో ఆరేడు వేలు ఇటువైపు అనుకోండి. మెషీన్‌తో వచ్చేది ఒట్టి నామమాత్రపు బ్లేడు. నిలువు కోతకి 24 పళ్ళది, ప్లైవుడ్‌కీ అడ్డకోతకీ 60 పళ్ళది. ఒకటే కొనగలిగితే 40 పళ్ళది. కొనేముందు మధ్య రంధ్రం కొలత చూసుకోండి, 30 మిల్లీమీటర్లు, 25.4 మిల్లీమీటర్లు రెండూ బజార్లో ఉంటాయి, రింగు వేసి సర్దుకోవచ్చు గానీ ఆ రింగు బిగుతుగా కూర్చోవాలి. పల్చటి గాడి బ్లేడు పెడితే చిన్న మోటార్‌కి హాయిగా ఉంటుంది, కానీ దాని గాడి మీ రైవింగ్ నైఫ్ మందం కంటే వెడల్పుగా ఉందో లేదో చూసుకోవాలి, నైఫ్ మీద ఆ కొలత అచ్చేసి ఉంటుంది.

ఇంటికి తెచ్చాక మొదటిరోజు ఏమీ కోయకండి. ప్లగ్ తీసేసి, బ్లేడు మీద ఒక పంటికి స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టి, ఆ పన్నుని ముందుకి తెచ్చి గాడి అంచు నుంచి దూరం కొలవండి. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్ళీ కొలవండి. తేడా జిరాక్స్ పేపరు మందం, అంటే ఓ 0.1 మిల్లీమీటరు దాటితే బల్ల కింద బోల్టులు వదులు చేసి సర్దాలి. తర్వాత ఫెన్స్. వెనక వైపు ఒక పేపరు మందం దూరంగా ఉన్నా ఫరవాలేదు, బ్లేడు వైపు దగ్గరికి మాత్రం రాకూడదు. కోసేటప్పుడు బ్లేడు చెక్క పైకి పన్ను ఎత్తు మించి లేవక్కర్లేదు. అడ్డకోతకి మైటర్ గేజ్, ఫెన్స్ రెండూ ఒకేసారి వాడితే ముక్క మధ్యలో ఇరుక్కుని ఎగురుతుంది, ఆ తప్పు అందరూ ఒకసారి చేస్తారు.

లుంగీతో, మెడలో తువ్వాలుతో, చేతికి దారాలతో మెషీన్ దగ్గరికి వెళ్ళొద్దు. గ్లవుజులు కూడా వద్దు, బ్లేడు వాటిని పట్టుకుంటే వేళ్ళతో సహా లాగుతుంది. కన్నుకి అద్దాలు, ముక్కుకి ఎన్95. చెక్క పొట్టు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో మొదటి జాబితాలో పెట్టింది, టేకు పొడికి కొందరికి ఒళ్ళు దద్దుర్లు కూడా వస్తాయి.

మన ఉప్పుగాలికి పోత ఇనుము బల్ల వారం రోజుల్లో ఎర్రబారుతుంది. కొవ్వొత్తి రుద్ది గుడ్డతో మెరుగుపెడితే తుప్పు ఆగుతుంది, చెక్క కూడా జారుతుంది. నూనె రాయకండి, చెక్కకి అంటుకుని పాలిష్ పట్టదు. అల్యూమినియం బల్లకి ఈ బెంగ లేదు. ఇంకో లాభం, జాబ్‌సైట్ సాలు పాతిక కిలోల అటూ ఇటూ ఉంటాయి. 2022 జూలై గోదావరి వరదకి నది మధ్య లంక ఊళ్ళో ఉండే మా స్నేహితుడు తన చిన్న మెషీన్‌ని ఒక్కడే మేడ మీదకి మోసుకుపోయాడు, వెల్డింగ్ షాపులో చేయించిన పెద్దది షెడ్డులోనే నీళ్ళ కింద ఉండిపోయింది. మోటార్ చుట్టించాడు, బేరింగులు మార్చాడు, ప్లేటు మీద తుప్పు మాత్రం ఇంకా గీకుతున్నాడు.

మీకు తొందరేమీ లేదని కూడా చెప్పాలి. ఆ పనస మొద్దు ఎలాగూ ఇప్పుడే పనికిరాదు. ఈ వారంలోనే మిల్లుకి తోలి పలకలు కోయించండి, చివరలకి పెయింటు పూసి, మధ్య మధ్యలో బద్దలు పెట్టి నీడన పేర్చండి. అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరాలన్నది పాత లెక్క. ఈలోపు సర్క్యులర్ సా ఒకటి కొని ప్లైవుడ్ అరలు మొదలుపెట్టండి, సెకండ్ హ్యాండ్ మెషీన్ కోసం వెతుకుతూ ఉండండి. మొద్దు చుట్టుకొలత, పొడవు ఎంతున్నాయో, మధ్యలో తొర్ర ఏమైనా ఉందో రాయండి, ఉయ్యాల బల్లకి పలక ఎంత మందం కోయించాలో చెప్తాను.